తొంభై దాటినవి

37వ ఏడు. మృగశిర కార్తె, మూడో రోజు

ఈరోజు తాడు మూడుసార్లు దించాం, మూడుసార్లు లాగాం. నలభై రెండు చేపలు పైకి వచ్చాయి. నలభై ఒకటి వెనక్కి పంపేశాను.

చేప తొమ్మిది వందల మీటర్ల కింద, సముద్రం అడుగున కొండలా లేచిన గట్టు మీద నుంచి వస్తుంది. ఊరికే లాగితే దారిలోనే చచ్చిపోతుంది. అందుకని గాలానికి పడగానే అడుగునే ఒత్తిడి పెట్టెలోకి ఎక్కించి, అక్కడి చలితో, అక్కడి నీటి బరువుతో, బతికుండగానే పైకి తెస్తాం. పెట్టెకు అరచేతి వెడల్పు గాజు కిటికీ ఉంటుంది. ఆ కిటికీ ముందు స్టూలు నాది. చేప తలలో, చెవి దగ్గర, కందిబద్దంత రాయి ఉంటుంది. చెట్టు మానులో లాగే ఆ రాయిలోనూ ఏడాదికొక వలయం. యంత్రం వాటిని తెర మీద చూపిస్తే నేను లెక్కపెడతాను. తొంభై దాటితే "ఉంచు" అంటాను. దాటకపోతే "వదులు" అంటాను. నేను ఆ మాట అన్నాక ఇంకెవరూ మాట్లాడరు. పెట్టె మళ్లీ కిందికి పోతుంది.

ఈరోజు ఒక్కసారే "ఉంచు" అన్నాను. తొంభై మూడు.

కారి దానయ్య మావ తాడు చుట్టే మర ఆపి, చేతులు తుడుచుకుంటూ నా దగ్గరకు వచ్చాడు. సముద్రం మీద తేలే మా ఊరు, ఈ ఐదో తెప్ప మీద గాలాలకు ఆయనే పెద్ద. యాభై ఎనిమిదేళ్ల మనిషి. తన ఇరవై ఒకటో ఏట, తెప్ప లంగరు వేసిన రోజు నుంచీ ఇక్కడే ఉన్నాడు.

"ఒలే సన్నేసీ, అమాసకి ఒడ్డు ఆఫీసు బియ్యం పడవ వస్తాది. ఆలకి ఈ నెలంతా కలిపి పదకొండు సేపలు సూపించి రెండొందల మందికి బియ్యం ఎలగ అడగమంటావు? ఆ తొంభై కాస్తా ఎనభై సెయ్యకూడదేటి?"

"ఆ మాట నాది కాదు మావా. పిన్నిది."

"తెల్సు. అందుకే నీ కాడికొచ్చినాను. ఆవిడ కాడికెల్తే తిడతాది."

నవ్వాడు గానీ, పళ్లు కనిపించాయంతే.

గదికి వచ్చేసరికి పిన్ని గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఐదేళ్లుగా ఆమెకు చూపు లేదు. నా అడుగు వినగానే రోజూ అడిగే మాటే అడిగింది. "పెద్దది ఎంత?"

"తొంభై మూడు పిన్నీ."

"ఒకప్పుడు నూట నలభై సూసినాను" అంది.


మృగశిర కార్తె, తొమ్మిదో రోజు

ఈ వారం నూట తొంభై చేపల వయసు చదివాను. తొంభై దాటినవి నాలుగు. మిగతా అందరూ పెద్ద చేపల కోసమే అడుగుతారు. ఈరోజు నేను చిన్నవాటి వైపు చూశాను. అన్నిటికన్నా చిన్నదానికి ముప్పై ఒక్క వలయాలు.

మేము కెంపు అని పిలిచే ఈ చేప పిల్లగా ఉన్నన్నాళ్లు ఎక్కడ తిరుగుతుందో ఎవరికీ తెలియదు. పాతికేళ్లు వచ్చాకే గట్టు మీదికి వస్తుంది. పిన్ని పాత పుస్తకాలు తీసి చూశాను. తెప్ప మొదలైన ఏడు చిన్నచేప పాతిక. పదో ఏడు పాతిక. ముప్పై ఒకటో ఏడు కూడా పాతికే. ముప్పై రెండులో ఇరవై ఆరు. అది పిన్ని చేతిరాత చివరి పుస్తకం, అక్షరాలు గీత దాటి పోయాయి. తర్వాతి పుస్తకాలు నావి. ముప్పై మూడులో ఇరవై ఏడు. ఇప్పుడు ముప్పై ఒకటి.

అంటే ఏటా అవే చేపలు. వాటి వెనక ఎవరూ రావడం లేదు. మనం లంగరు వేసిన ఆరో ఏడు పుట్టిన చేపే ఈ గట్టుకు వచ్చిన ఆఖరి పిల్ల.

ముప్పై నాలుగో ఏటి పుస్తకంలో, చిన్నచేప వయసు రాయాల్సిన చోట, నా చేతిరాతతో "25–30 మధ్య" అని ఉంది. అలా ఎందుకు రాశానో ఈరోజు రాయలేను.


ఆరుద్ర కార్తె, ఐదో రోజు

కెంపులు గుడ్లు పెట్టే రోజులివి. దిగుడు గోళంలో నేను, దానయ్య మావ గట్టు మీదికి దిగాం. ఇద్దరికి సరిపోయే ఇనుప గోళం. మోకాళ్లు మోకాళ్లు తగులుతాయి. దిగడానికి గంటకు పైగా పట్టింది.

అడుగున దీపం వేయగానే పగడాల తోట కనిపించింది. మనిషెత్తు కొమ్మలు, తెల్లవి, లేత గులాబీవి. ఒక్కో కొమ్మ వెయ్యేళ్లదని అంటారు. వాటి మధ్య ఒక పక్కగా రాయి నున్నగా, బోడిగా, రోడ్డులా సాగిపోయింది. మా తాతల కాలంలో ఏదో పెద్ద పడవ సముద్రం అడుగున వల ఈడ్చుకుపోయిన దారి. తొంభై ఏళ్లయినా అక్కడ వేలెడంత మొలక కూడా రాలేదు.

"అలాటోళ్లం కాకూడదనే గదా మనం వల ఒగ్గేసి గాలం పట్టినాం" అన్నాడు మావ.

గట్టు కొస దగ్గర చేపలు గుమిగూడి ఉన్నాయి. వెయ్యికి పైనే ఉంటాయి. దీపం వెలుగులో కుంకుమ కలిపిన నీళ్లలా మెరిశాయి. గుంపుగా తిరుగుతున్నాయి గానీ పైకి లేవడం లేదు.

మావ కిటికీకి నుదురు ఆనించి చాలాసేపు చూశాడు.

"నాను కుర్రోడిగా ఉన్నప్పుడు ఓసారి సూసినాను. మీ పిన్నే తీసుకొచ్చింది. ముందర పది పదిహేను ముసలియి లేసినాయి. ఈపు మీద మచ్చలడిపోయి, తోకలు సిరిగిపోయినయి. ఆటి ఎనకాల అన్నీ లేసినాయి. గాలిగోపురంనాగ పైకెల్లిపోనాయి. ఓలమ్మ, ఆ గుడ్లు... నీళ్లు పాలైపోనాయి." గొంతు తగ్గించాడు. "ఇవేటి, ఎవులి కోసమో సూస్తన్నట్టున్నాయి."

మేం అక్కడ ఉన్న నాలుగు గంటల్లో ఒకే ఒక్క పెద్ద చేప గుంపు మీదికి లేచింది. దాని వెంట ముప్పై, నలభై లేచాయి. మిగిలినవి కిందే ఉండి, రాళ్ల మీదే గుడ్లు వదిలేశాయి. గొట్టంతో ఆ పెద్దదాని వెనక నుంచీ, కింద రాళ్ల మీది నుంచీ విడివిడిగా గుడ్లు తీసుకున్నాం. ఆ పెద్దదాన్ని మావ గోళానికున్న యంత్రపు చేత్తో పట్టి ఒత్తిడి పెట్టెలోకి ఎక్కించాడు. పైకి వచ్చాక చదివాను. నూట పన్నెండు.

"ఉంచు అను మరి" అన్నాడు మావ.

"నాలుగు రోజులు ఆగు మావా" అన్నాను.


ఆరుద్ర కార్తె, ఎనిమిదో రోజు

రెండు గాజు జాడీలు. రెంటిలోనూ ఒకే సముద్రపు నీళ్లు, అడుగు నీటి చలి. ఒకదాంట్లో నూట పన్నెండేళ్ల చేప గుడ్లు. రెండోదాంట్లో యాభై, అరవై ఏళ్ల చేపలవి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం చూసి రాస్తున్నాను.

మొదటిరోజు రెండు జాడీల్లోనూ గుడ్లు పైనే తేలాయి. రెండో రోజు చిన్నవాటి గుడ్లు జాడీ నడిమికి దిగాయి. ఈరోజు అవి అడుగున పడి తెల్లబడ్డాయి. ముసలిదాని గుడ్లు ఇంకా నీటి పైనే ఉన్నాయి. కొన్నిటిలో నల్లటి చుక్కలు కనిపిస్తున్నాయి. కళ్లు.

అద్దం కింద పెట్టి చూశాను. ముసలి చేప గుడ్డులో నూనె చుక్క పెద్దది. ఆ నూనే గుడ్డును పైకి, పిల్లకు తిండి దొరికే నీళ్లలోకి మోసుకుపోతుంది. చిన్న చేపల గుడ్లలో నూనె సూదిమొనంత. అవి గుడ్లు పెట్టే మాట నిజమే. అందుకే ముప్పై ఏడేళ్లుగా వాటిని తల్లుల కింద లెక్కేసుకున్నాం. కానీ వాటి గుడ్లు బురదలోకే పోతున్నాయి.

తొంభై దాటిన ప్రతి చేపనూ మనమే ఏరి ఏరి తీశాం. వల ఈడ్చేవాడు గుడ్డిగా తీసేవాడు. మనం లెక్కపెట్టి మరీ తీశాం.


ఆరుద్ర కార్తె, పదో రోజు

ఈరోజు పిన్నికి చెప్పాను.

మా పిన్ని సూరాడ ఎర్రమ్మ అంటే ఐదో తెప్పకే కాదు, మిగతా తెప్పలకూ పేరే. దగ్గర నీళ్లలో చేప అయిపోయి ఊళ్లకు ఊళ్లే ఖాళీ అవుతున్నప్పుడు, లోతు గట్టు మీద గాలంతో బతకొచ్చని, గట్టు పాడవకుండా తినొచ్చని ఒడ్డు ఆఫీసును ఒప్పించింది ఆమే. తొంభై మాట పెట్టిందీ ఆమే. "పిల్లల్ని కన్నయి, మనవల్ని సూసినయి. అయి పోతే గట్టుకి లోటు నేదు" అని ఆమె అన్న మాటను అన్నాల షెడ్డు గోడ మీద రంగుతో రాసి పెట్టారు.

నేను చెప్పిందంతా విని ఆమె తల అడ్డంగా ఊపింది.

"నీ సదువు తప్పు. సిన్నయి గాలం కాడికి రావడం మానేసినాయి. తెలివి మీరినాయి."

"గోళంలోంచి చూశాను పిన్నీ. గట్టు మీదా లేవు."

"దీపానికి బెదిరిపోనాయి."

"గుడ్లు చూశాను."

"నా కళ్లు పోనాయి గానీ నా లెక్క పోనేదు!" గట్టిగా అరిచింది. "ముప్పై రెండేళ్లు సదివినాను నాను. నిన్నగాక మొన్న స్టూలెక్కినావు నువ్వు."

వాదించలేదు. వెళ్లి రెండు జాడీలూ తెచ్చి ఆమె ముందు పెట్టాను. ఆమె కుడిచెయ్యి పట్టుకుని మొదటి జాడీలో వేళ్లు ముంచాను. చలికి ఉలిక్కిపడింది కానీ చెయ్యి తీయలేదు. నీటి పైన తేలే గుడ్లు ఆమె వేళ్ల చుట్టూ చేరాయి. ఆవగింజంత గుడ్లు. బొటనవేలితో ఒకదాన్ని మెల్లగా దొర్లించి చూసింది.

"ఇయి ఎవులియి?"

"నూట పన్నెండేళ్ల దానివి."

చెయ్యి తీసి రెండో జాడీలో ముంచాను. వేళ్లు నీటి పైన అటూ ఇటూ వెతికాయి. ఏమీ తగల్లేదు. ఇంకొంచెం కిందికి పోనిచ్చింది. అక్కడా ఏమీ లేదు. మణికట్టు మునిగింది. మోచేతి దాకా మునిగాక అడుగు తగిలింది. అక్కడ వేళ్లు ఆగిపోయాయి.

చేతి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. నేనే బయటికి తీసి నా కొంగుతో తుడిచాను.

"నాను రోజూ పెద్దది ఎంతనే అడిగినాను" అంది. "సిన్నది ఎంతని ఏ రోజూ అడగనేదు."

తర్వాత ముఖం నా వైపు తిప్పింది. "నువ్వు ఎప్పుడు కనిపెట్టినావు?"

"ఈ ఏడే" అన్నాను.


పునర్వసు కార్తె, రెండో రోజు

పొద్దున్నే అన్నాల షెడ్డులో అందరినీ కూర్చోబెట్టాం. రెండు వందల ఆరుగురిలో చంటిపిల్లలు, జబ్బువాళ్లు తప్ప అందరూ వచ్చారు. నేను జాడీలు చూపించి, పుస్తకాలు చదివి చెప్పాను. ఇప్పుడు తాడు ఆపేస్తే, అరవై ఏళ్ల చేపలు ముప్పై ఏళ్లకు తొంభై దాటతాయి. వాటి పిల్లలు గట్టుకు రావడానికి ఇంకో పాతికేళ్లు. ఆపకపోతే ఇంకేం లేదు.

"అంటే మనం ఎవులమూ సూడం" అన్నారెవరో వెనక నుంచి.

"చూడం" అన్నాను.

"సేప నేకపోతే తెప్ప మీద ఏటి తింటాం? ఒడ్డుకెల్తే ఆల సంద్రపు గోడ ఎనకాల కొట్టాల్లో పడుండాలి. ముప్పై ఏడేళ్లు ఇదే గదా ఊరు!"

అప్పుడు పిన్ని లేచింది. చేతికర్ర నేలకు గుచ్చి నిలబడింది.

"తొంభై మాట నాది. సన్నేసమ్మది కాదు, దానయ్యది కాదు. మీరు నా మాట ఇన్నారు. తప్పు నాది. తాడు ఆపీండి."

ముందు వరుసలో కొర్లమ్మ లేచింది. తెడ్డు గంటయ్య పెళ్లాం. గంటయ్య మూడేళ్ల క్రితం చచ్చిపోయాడు. పెద్ద చేపలు దొరక్క ఆ ఏడు రోజుకు ఐదుసార్లు తాడు దించేవాళ్లు. స్వాతి కార్తెలో ఒక మధ్యాహ్నం ఐదో విడత లాగుతుంటే తాడు తెగి అతని మెడకు కొట్టింది.

"ఎర్రమ్మా" అంది కొర్లమ్మ. ఆమె గొంతు మామూలుగానే ఉంది. "గట్టు నిలబడతాదని, మన పిల్లలు తింటారని సెప్పినావు. నా మొగుడు దానికోసం పోనాడు అనుకున్నాను. అలగనుకునే ముద్ద మింగినాను ఈ మూడేళ్లూ. ఇప్పుడు సెప్పు. మా గంటయ్య దేనికి సచ్చిపోనట్టు?"

పిన్ని తల వంచుకుంది.

ఇక్కడ నిజం రాస్తున్నాను. ముప్పై నాలుగో ఏడు మృగశిరలో చిన్నచేప వయసు ఇరవై ఎనిమిదని నాకు తెలుసు. వరసగా మూడో ఏడు చిన్నచేప ఏడాది పెరిగిందనీ, అది మంచిది కాదనీ తెలుసు. స్టూలెక్కి రెండో ఏడు. తప్పు చదివావంటారని భయపడ్డాను. పిన్ని మాటను కాదనాలని అనిపించలేదు. ఇంకో ఏడు చూద్దాంలే అనుకుని, అంకె రాయాల్సిన చోట "25–30 మధ్య" అని రాసి పుస్తకం మూసేశాను. గంటయ్య పోయింది ఆ తర్వాత ఐదో నెలలో.

కొర్లమ్మ అడిగినప్పుడు నేను లేచి ఈ మాట చెప్పాల్సింది. నా ఒళ్లో రెండు జాడీలు ఉన్నాయి. వాటిని పట్టుకుని కూర్చున్నాను.

చేతులు ఎత్తించి దానయ్య మావ లెక్కపెట్టాడు. ఆపాలన్నవి నూట మూడు. వద్దన్నవి అరవై. కొర్లమ్మ ఏ చెయ్యీ ఎత్తలేదు.


పునర్వసు కార్తె, మూడో రోజు

నూట పన్నెండేళ్ల చేప పదకొండు రోజులుగా పెట్టెలో ఉంది. కిటికీలోంచి చూస్తే ఒక కన్ను గాజుకు ఆనించి, మొప్పలు మెల్లగా కదుపుతోంది. దానయ్య మావ మర దగ్గర నిలబడ్డాడు. తాడు మనుషులు ఎనిమిది మందీ వచ్చారు. పిలవకపోయినా వచ్చారు.

నేను స్టూలు మీద కూర్చుని "వదులు" అన్నాను. తొంభై దాటిన చేపకు తెప్ప మీద ఆ మాట అనడం ఇదే మొదలు.

తాడు తొమ్మిది వందల మీటర్లు విప్పడానికి నలభై నిమిషాలు. ఆ సేపంతా ఎవరూ కదల్లేదు. అడుగున పెట్టె తలుపు తెరుచుకున్న గుర్తుగా మర మీద దీపం వెలిగింది. మావ గాలాల బుట్ట తెచ్చి, ఒక్కొక్క కొక్కెం విప్పి, నూనెగుడ్డతో తుడిచి, డబ్బాలో వేయడం మొదలుపెట్టాడు. మిగతావాళ్లు ఆయన చుట్టూ కూర్చుని తామూ విప్పారు.


పుష్యమి కార్తె, ఏడో రోజు

పిన్ని అన్నాల షెడ్డుకు రావడం మానేసింది. గిన్నెలో తెచ్చి పెడితే నాలుగు ముద్దలు తింటుంది. గోడ మీది ఆమె మాటను ఎవరో సున్నంతో కొట్టేశారు. ఆమెకు తెలియదు. చెప్పలేదు.

ఈరోజు దానయ్య మావ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. "ఒదినా, నువ్వు ఆ రోజు ఈ మాట సెప్పకపోతే మనోళ్లు అప్పుడే ఒడ్డున ఆకలితో పోదురు. ముప్పై ఏడేళ్లు బతికినాం గదా."

"సేపల్ని తినీసి బతికినాం" అంది పిన్ని.

"నీకు తెల్దు గదా."

"తెల్సుకోవడమే నా పని దానయ్యా. ఇంకేటి పని నాకు?"

మావ వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి నా వైపు చూశాడు. ఏదో అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు.


హస్త కార్తె, నాలుగో రోజు

ఒడ్డు ఆఫీసు మూడు పడవలు పంపింది. తుపాన్లు మొదలయ్యే లోపు తెప్ప ఖాళీ కావాలన్నారు. మనిషికి రెండు మూటలు. వంటగిన్నెలు, చాపలు, పిల్లలు పెంచుకున్న కోళ్లు. కోళ్లను ఎక్కించుకోం అన్నారు పడవవాళ్లు. పిల్లల ఏడుపు చూసి చివరికి ఒప్పుకున్నారు.

లంగరు తాళ్లు కొయ్యకుండా వదిలేశాం. దొంగ వలలవాళ్లు రాకుండా దానయ్య మావ, ఇంకో నలుగురు వంతులవారీగా కాపలా ఉంటారు. ఆఫీసు వాళ్లకు బియ్యం పంపుతానంది. కాపలా వాళ్లలో నన్నూ రాసుకోమన్నాను. "మీ పిన్నిని ఎవులు సూస్తారు? ఎల్లు" అన్నాడు మావ.

పిన్నిని వీపు మీద మోసుకుని పడవ ఎక్కించారు. కొర్లమ్మ అదే పడవలో ఉంది. పిన్నిని చూడగానే మూటలు తీసుకుని లేచి, మూడో పడవకు వెళ్లిపోయింది. ఆమె వెనక ఇంకో ఏడుగురు లేచారు. పిన్ని పక్కన ఖాళీ బల్లలు మిగిలాయి.

"అందరూ ఎక్కినారా?" అని అడిగింది పిన్ని.

"ఎక్కారు" అన్నాను.


చిత్త కార్తె, పన్నెండో రోజు

గోడ వెనక కాలనీలో మాకొక గది ఇచ్చారు. ఇక్కడ సముద్రం కనిపించదు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది. నేల కదలకపోవడం పిన్నికి పడలేదు. తల తిరుగుతోందని పడుకునే ఉంది. వారం నుంచి జ్వరం. డాక్టరమ్మ వచ్చి చూసి, వయసు అంది.

రోజూ పొద్దున లేవగానే ఈరోజు చెప్పేద్దాం అనుకుంటాను. తప్పు ఒక్కదానివే మోయకు పిన్నీ, మూడేళ్లు నాది అని. గంజి పట్టించేటప్పుడు చెబుదామంటే మింగుడు పడదేమో అనిపించేది. పడుకున్నప్పుడు లేపబుద్ధి కాలేదు. నిన్న మధ్యాహ్నం కాస్త తెలివిగా ఉంది. నా చెయ్యి పట్టుకుని, "నువ్వొక్కదానివీ నిజం సదివినావు. నాకది సాలు" అంది.

ఆ మాట విన్నాక ఇంకేం చెప్పను.

ఈరోజు తెల్లవారాక చూస్తే ప్రాణం లేదు. తెప్ప మీద పోయినవాళ్లను సముద్రానికి ఇచ్చేవాళ్లం. ఇక్కడ ఒప్పుకోరు. సరుగుడు తోట పక్కన ఇసకలో పూడ్చారు. కాలనీలో మా తెప్ప వాళ్లవే ఎనభై గదులు. మట్టికి నాతో వచ్చింది ముగ్గురు. మోసేవాళ్లు చాలక ఆఫీసు బండి పెట్టింది.


స్వాతి కార్తె, ఆరో రోజు

ఈరోజు కొర్లమ్మ దగ్గరకు వెళ్లాను. నాచు ఆరబెట్టే యార్డులో పని చేస్తోంది. తాళ్ల మీద తడినాచు పరుస్తోంది. నన్ను చూసి పని ఆపలేదు. పాత పుస్తకం ఆమె ముందు తెరిచి పెట్టాను. ఆమెకు చదువు రాదు. "ఇక్కడ ఇరవై ఎనిమిది అని రాయాల్సింది" అని వేలు పెట్టి చూపించి, మొత్తం చెప్పాను. ఏ నెలలో చూశానో, ఎందుకు దాచానో, ఆ తర్వాత ఎన్ని నెలలకు గంటయ్య పోయాడో. పిన్నికి ఇది తెలియదని కూడా చెప్పాను. అడిగితే అబద్ధమాడానని చెప్పాను.

నాచు ఆమె చేతుల్లోంచి కిందికి జారుతూనే ఉంది.

"అప్పుడు సెప్పుంటే తాడు ఆపేద్దురా?"

"ఏమో. ఇప్పుడు ఆపారు కదా."

"ఆయన ఉందురు."

"ఉండేవాడు."

కొట్టినా బాగుండేది. ఆమె తడిచేతులు చీరకు తుడుచుకుని, ఇసక వైపు చూస్తూ నిలబడింది. కాసేపటికి అంది, "ముసల్దాన్ని మట్టి సేస్తన్నారని ఇన్నాను. తలుపేసుకుని కూసున్నాను. నా మొగుణ్ని తినీసిందని తిట్టుకున్నాను." నా వైపు తిరిగింది. "నువ్వు ఆ రోజు షెడ్డులో దాని పక్కనే ఉన్నావు గదే. ఎలగ కూసున్నావే?"

పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాను.

"ఎక్కడ పెట్టినారో సూపించు" అంది.

సరుగుడు తోట దాకా అరగంట నడక. గుర్తుగా నేను పెట్టిన రాయి చూపించాను. కొర్లమ్మ దాని దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, గాలికి పక్కకు జరిగిపోయిన ఇసకను రెండు చేతులతో మీదికి లాగి సర్దింది. చాలాసేపు సర్దింది. నేను సాయానికి వంగితే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒగ్గీ. నాను సేస్తాను."

పని అయ్యాక లేచి, నా ముఖం చూడకుండానే చెప్పింది. "దానయ్యకి, తెప్పోళ్లందరికీ నువ్వే సెప్పాలి. గది గదికీ ఎల్లి సెప్పు. ఎర్రమ్మ పేరు ఆల నోట్లోంచి తియ్యి. అది అయ్యేదాకా నాతో మాటాడకు. అయినాక కూడా మాటాడతానో నేదో నాకు తెల్దు."

సరే అన్నాను. ఆమె ముందు నడిచింది. నేను వెనక ఉండిపోయాను. కాలనీకి చేరేసరికి ఎండ ఇంకా ఉంది. మొదటి వరుసలో మొదటి గది తలుపు కొట్టాను.